దొరికిన చోటు

నలభై ఈగలు కావాలన్నారు.
సీసాలో బెల్లం ముద్ద, మూతికి గరాటు,
సాల్మన్ సైకిలు హ్యాండిల్‌కి గోతాం సంచి.
పొద్దున్నే తిరిగి తెచ్చేవాడు:
పట్నంబజారు చేపల కొట్ల దగ్గర ఆరు,
సంగడిగుంట కాలవ గట్టున తొమ్మిది,
నాగూర్‌వలి చెరుకురసం బండి మీద
లెక్కపెట్టలేనన్ని, అందులో అయిదు.

"ఊరంతా ఈగలు తోలుకుంటుంటే
మనం పట్టుకుంటున్నాం మేడమ్" అనేవాడు.
నేనూ నవ్వేదాన్ని.

ముందు ఫ్రీజర్‌లో పది నిమిషాలు.
చేతులు నలుపుకునే అలవాటు
మధ్యలోనే ఆగిపోతుంది.
తర్వాత ఉప్పునీళ్లలో వేసి గొట్టాన్ని ఊపుతాను,
పసిపిల్లకి తలంటినట్టు కాదు,
కారం డబ్బా అడుగు దులిపినట్టు.
ఈగ కాలికి వెంట్రుకలుంటాయి.
అది వాలిన ప్రతి చోటూ
వాటిలో కాస్త కాస్త మిగిలే ఉంటుంది.
దానికి పళ్లు లేవు.
మిఠాయి మీద వాలి, పొట్టలోది కాస్త కక్కి,
కరిగించి, పీల్చి, లేచిపోతుంది.
లేచిపోయింది కదా అని
మనం ఆ మిఠాయి తింటాం.

అడుగున తేరిన చుక్క. అయోడిన్ చుక్క.
పైన పల్చటి అద్దం రేకు.
కన్ను ఆనించి మర మెల్లగా తిప్పితే
పసుపు రంగు లోకం ఒకటి తేటపడుతుంది.
అదిగో ఏలికపాము గుడ్డు,
అంచంతా బుడిపెలు, ముదురు తేనె రంగు.
అదిగో కొరడాపురుగుది,
రెండు కొసలా బిరడా కొట్టిన చిన్న పీపా.
నాలుగు చుక్కల గుండ్రటిది అమీబా,
జిగట విరేచనాల విత్తనం.
చూడ్డానికి, ఒట్టు, అందంగా ఉంటాయి.
ఈ మాట రిపోర్టులో రాయకూడదు.

మొన్న వార్డులో చూశాను
నాగూర్‌వలి కూతురు తహసీన్‌ని, ఆరేళ్లు.
కళ్లు లోపలికి పోయాయి.
పొట్ట మీద చర్మం గిల్లితే
గిల్లినట్టే నిలబడుతోంది.
"చెరుకు నేనే కడుగుతానమ్మా, గ్లాసు నేనే కడుగుతా,
ఐసు మాత్రం బయటిది" అంటున్నాడు,
నేరం ఐసు మీదకి తోసి
కాస్త ఊపిరి తీసుకుంటూ.
ఆ పిల్ల స్లైడు నా బల్ల మీద ఉంది.
బండి మీది ఈగల స్లైడ్లూ ఆ పక్కనే.
అందులోనూ ఇందులోనూ
అవే నాలుగు చుక్కలు.

రిజిస్టరులో ఒక గడి ఉంటుంది: దొరికిన చోటు.
దాన్ని నింపడం నాకెప్పుడూ కష్టం కాలేదు.
సంగడిగుంట. పట్నంబజారు. చెరుకురసం బండి.
ఎంత నిబ్బరంగా రాసేదో ఈ చెయ్యి,
పేటల పేర్లే రోగాల పేర్లయినట్టు.

ముప్పై తొమ్మిది అయ్యాయి.
సాల్మన్‌కి జ్వరం, రాలేదు.
ఆ రాత్రి బ్రాడీపేటలో మా వంటింట్లో,
మూడో అంతస్తు, కిటికీలకి జాలీ,
మామిడి రసం ఒలికిన గట్టు మీద
ఒకటి చేతులు నలుపుకుంటూ కనిపించింది.
గ్లాసు బోర్లించాను.
లెక్క సరిపోయిందని సంతోషించాను కూడా.

తెల్లారి అదే ఫ్రీజరు, అవే ఉప్పునీళ్లు.
బొమ్మ తేటపడ్డాక చెయ్యి ఆగింది.
పీపా. బిరడాలు.
మా వాడు ఆ గట్టు మీదే
టెంక చీకి, అక్కడే పెట్టి, మళ్లీ చీకి...

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని
మా నాయనమ్మ పక్కింటివాళ్లని అనేది.
పక్కింటివాళ్లనే అనేది.

గడి ఖాళీగా ఉంది.
"ఇతరములు" అని రాయొచ్చు.
"వివరం తెలియదు" అని రాయొచ్చు.
సాల్మన్ చదివినా ఏమీ అనడు,
అందుకే ఇంకా కష్టం.
కాలవ గట్టు నుంచి మా గట్టుకి
ఆటో అయితే నలభై రూపాయలు అడుగుతాడు.
ఈగకి మటుకు మధ్యలో పేటలేమీ లేవు.

రాశాను. ఇంటి నంబరుతో సహా.
మా ఆయనకి ఫోను చేసి
వాణ్ణి బడికి పంపొద్దు, తీసుకురా అన్నాను.

సిరా ఆరకముందే ఎక్కణ్ణించో ఒకటి వచ్చి
ఆ గడి మీద వాలింది,
తడిలో కాలు పెట్టి
పై వరసలోకి, ఆ పై వరసలోకి,
సంగడిగుంట దాకా నడుచుకుంటూ పోయింది.
నేను తోలలేదు.